అగ్గిపుల్ల

యకూతియాలో, చురాప్చా దాటాక,
గడ్డకట్టిన చెరువు మీద సర్గిలానా మోకాళ్లూని
గునపంతో ఒక తెల్లటి బుడగను పొడిచింది.
"మొహం పక్కకు తిప్పుకో" అంది.

పుల్ల గీసింది.
మనిషెత్తు మంట. నా కనుబొమ్మలు కమిలిన వాసన.

ఇరవై వేల ఏళ్ల కిందటి గడ్డి అది,
మామత్ ఏనుగులు మేయగా మిగిలింది.
కుళ్ళడానిక్కూడా ఇన్నాళ్లూ తీరిక దొరకలేదు.
ఇప్పుడు నేల కరిగి, బురదలో గాలాడక,
మీథేనై పైకొస్తోంది:
ఒక కార్బన్, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు,
చిన్న సంసారమే.
కానీ నేల వదిలిన వేడి తగిలితే చాలు
పూనకం వచ్చినట్టు ఊగి
అందులో కొంత మళ్లీ నేల మీదికే విసురుతుంది.
గాలి నిండా ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ జంటలు మాత్రం
ఆ వేడిని చూసీ చూడనట్టు పోనిస్తాయి.

"కాలిస్తే ఏమవుతుంది?"
"బొగ్గుపులుసు వాయువు, కాసిని నీళ్లు.
అదీ దుప్పటే. కాస్త పల్చనిది."

వాళ్ల మేనత్త మంచునేలలో తవ్వించిన కొట్టులో
గుర్రపు మాంసం
ఈసారి జూన్‌లోనే కారడం మొదలెట్టిందట.
ఆ మాట చెబుతూ అగ్గిపెట్టె చెవి దగ్గర ఊపింది.
మూడున్నాయి.

చెరువు మీద, చూపు ఆనినంత మేరా,
తెల్లటి బుడగలు.