బదులు

నాలా ఇండ్లల్లకొచ్చి పోయిన మూడోనాడు
నయీంనగర్ల ఓదెమ్మ
మంచం మీద కాళ్లు ముడుచుకొని కూసున్నది.
గోడ మీద నీటి గీత
ఫొటోల పెనిమిటి మెడ దాక వచ్చి ఆగింది.

ఎవలో పిల్లలు.
ప్యాంట్లు మోకాళ్ల దాక మడిచి
పారలతోటి, ప్లాస్టిక్ తట్టలతోటి
ఆమె వంటింట్ల బురద ఎత్తిపోస్తున్నరు.
ఆటో యాకూబ్ ఫ్రిజ్జును కావలిచ్చుకొని
బయటికి మోస్తున్నడు,
నిద్రపోయిన పెద్ద పిల్లను మోసినట్టు.

"ఎవ్వలు పంపిన్రు మిమ్ముల?"
"ఎవ్వలు పంపలే అవ్వా."
"కూలెంత?"
"కూలి లేదు."

అవ్వ మొఖం గంజి పెట్టిన బట్టలెక్క బిగుసుకున్నది.
కూలి లేని పని ఆమెకెరుక.
తల్లి కొంగు పట్టుకొని గడికి పోయిన పొద్దులు,
దంచిన వడ్లల్ల పిడికెడు నూకలు దాచిందేమోనని
దర్వాజ కాడ కొంగు దులిపించిన చెయ్యి.
ఆ చేతికి నాలుగు ఉంగరాలు.
ఇప్పటికీ లెక్క తప్పదు.

"నా ఇంట్ల వెట్టి వద్దు బిడ్డా."
దిండు కింది నుంచి
నానిన యాభై నోటు తీసింది.

రచన పార గోడకానిచ్చింది.
దవావోల డాక్టరు చదివొచ్చి
ఇక్కడి పరీక్ష ఇంకా గట్టెక్కని పిల్ల.
"ఆడ ఫిలిప్పీన్స్‌ల, అవ్వా,
ఇల్లు జాగ మారాలంటే
ఇంటికి ఇల్లే లేపుకపోయేటోళ్లట.
కింద వెదురు బొంగులు పెట్టి, ఇరవైమంది భుజాలిచ్చి.
బయానిహాన్ అంటరు."

"గోడలతోనా?"
"గోడలతోనే. ఆకుల కప్పుతోనే."
"దొర లోపల కూసుంటడా?"
"లేదవ్వా. ఇంటాయన గూడ
ఒక బొంగు కిందనే ఉంటడు."

అవ్వ జర సేపు ఏమనలే.
"మాకూ ఉండె. నాట్లకు బదులు పోయేది.
ఇయ్యాల రాజవ్వ మడి, రేపు నా మడి.
పైస ముట్టకపోయేది, బాకీ మరువకపోయేది.
మీ బదులు నేనెట్ల తీరుస్త?
యాడుంటరు మీరు?"

ఒకడు కాజీపేట అన్నడు. ఒకామె హసన్‌పర్తి.
ఒక పిలగాడు ఏమీ చెప్పకుండనే
తట్ట నెత్తికెత్తుకొని పోయిండు.

యాకూబ్ ఇంట్ల గూడ నీళ్లొచ్చినయని
పగటీలి దాక ఎవలకూ తెల్వదు.
అతను చెప్పలే, మేం అడగలే.

పొద్దుగూకంగ చూస్తే
అతని వాకిట్ల ఓదెమ్మ.
జైతూన్ చేతులకెల్లి గిన్నె గుంజుకొని
బూడిదేసి తోముతున్నది.
"నువ్వెందుకమ్మా" అంటే
"అవుతలికి జరుగు" అంటున్నది.

ఈడ, ఆమె దండెం మీద
యాభై నోటు
క్లిప్పుకు ఏలాడి ఆరుతున్నది.