చించిన మూల

గుణుపురం సంతలో షాంపూ దండ
తెంపుకు రావడం పన్నెండేళ్ళ అలవాటు.
పంటితో చించిన మూల
ఎక్కడ ఉమ్మానో చూసుకోలేదెప్పుడూ.

మొన్న వంశధార నీళ్ళు తీశాక
చెలమ తవ్వుతుంటే తగిలింది నీలం బ్రష్షు.
కుచ్చు ఊడింది, పిడి నిగనిగ.
మెడ దగ్గర కాలిన వంపు:
దవడ పళ్ళకి అందాలని
మామయ్య దీపం మీద వంచుకున్నదే.
ఆయన పళ్ళూ ఈ ఏట్లోనే కలిపాం.
అవి ఇసకైపోయాయి.
ఇది అవలేదు.

సవర సొంబారి దగ్గర
అడ్డెడు కుంకుళ్ళు కొన్నాను.
కళ్ళు మండి గుంట
ఇల్లు పీకి పందిరేసింది.
ఓడిపోయి, పాత దండలోంచి
ఒకటి, ఒక్కటే, చించాను.

మూల మాత్రం
కొంగున ముడేసుకున్నాను.