అడుగుకొమ్మ రాజు

నౌపడ ఉప్పుమడిలో
మడమలు చిట్లే మధ్యాహ్నం
పలకపార లాగుతూ దాలమ్మ చెప్పింది:

"తేలినీలాపురం చింతల మీద
గూడబాతులకో రాజుండేవోడే గుంటా.
కిరీటమేటీ లేదు.
ఎదరగాలిని ముక్కుతో కోసుకుంటా
అంత దూరమూ ముందు అతగాడే ఎగిరేవోడు.
నేల కనబడ్డాక ఎనక్కెల్లిపోయేవోడు,
కుర్రపిట్టలు ముందు దిగాలని.

అలాంటోడూ ఓ తప్పు చేసినాడు.
పైకొమ్మలు మావాళ్ళకి,
నడిమికొమ్మలు కొంగలకి,
అడుగుకొమ్మలు నీటికాకులకి
అని పంచేసినాడు.
అందరూ బాగుందన్నారు.
పైనున్నోళ్ళు ఇంకొంచెం గట్టిగా అన్నారు.

ఓ పొద్దున్న నీటికాకొకతె వొచ్చింది.
మూడు గుడ్లు పోనాయి దానికి.
'బాబూ, నీ తీర్పుకి పైనుంచి ఏటి కనబడిందో గాని
కిందనుంచి నాకు పామే కనబడింది' అంది.

గోరింక ఎగిరిపడింది,
'రాజుతో ఆ మాటలేటి, పొడవండి దాన్ని!' అని.
రాజు మాటాడలేదు.
ఉప్పుటేరులో పోటు తీసి ఆటొచ్చినంతసేపు
అలాగే కూకున్నాడు.
తరవాత తన గూడు తానే పీకి
పుల్లపుల్లా ముక్కున కరుచుకొని
అడుగుకొమ్మకి దించుకున్నాడు.
మోస్తామన్నారు అందరూ.
'నా తప్పుకి బరువెంతో నాకు తెలవొద్దా' అన్నాడు.

తెల్లారేసరికి
పైనున్న పిట్టలన్నిటి రెట్టా అతగాడి మీదే.
సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు.
'అయ్యో పెబువా!' అంది గోరింక.
రెక్కలు దులుపుకొని,
'ఎవుడి కడుపు నిండిందో, ఎవుడిది నిండలేదో
ఇక్కడైతే రోజూ లెక్క తెలస్తాది' అన్నాడు.

రెండ్రోజులు ఎడం భుజం మీద
చుక్క పడలేదంట.
తలెత్తి చూసినాడు.
ఆ గూట్లో కళ్ళు పోయిన ముసిలికొంగ.
చీకటి పడ్డాక గొంతుసంచి నిండా చేపలు తెచ్చి
గూట్లో ఒంపినాడు.
'ఎవులు నాయినా?' అంది కొంగ.
'కిందింటోణ్ణమ్మా' అన్నాడు."

"మరి పాము?" అన్నాను.

"రాకేటి, వొచ్చింది.
రాజు నిద్రపోలేదు, అంతే."

ఇంకా ఏదో చెప్పబోయింది.
గట్టు మీద సైకిల్ గంట.
మేస్త్రీ గవరయ్య నల్లగొడుగు విప్పుకొని
కుర్చీలో కూర్చున్నాడు, పుస్తకం తీశాడు.
మేం ఎత్తినవి పద్నాలుగు బస్తాలు.
పుస్తకంలో పన్నెండు.
"పద్నాలుగు బాబూ" అంది దాలమ్మ.
"నీకు లెక్కలొచ్చా?" అన్నాడాయన
తల పైకెత్తకుండానే.

పడమటి ఎండలో గూడబాతుల బారు
మా మీదుగా చింతలవైపు పోతోంది.
అందులో ఏదో ఒకటి
గొడుగు మీద టప్పున
అరచేయంత తెలుపు రాల్చింది.

దాలమ్మ పార ఆపలేదు.
"దీని కడుపు నిండింది" అంది
నాకొక్కదానికే వినపడేలా.