ఒక మనిషికి ఆరువందల పన్నెండు

గుణుపురం బ్రాంచిలో ఐదు కుర్చీలు.
ఒకదాని మీద హెల్మెట్లు పెడతాం,
ఒకదాని మీద పాత పాసుపుస్తకాల కట్ట.
త్రినాథ్ కుర్చీకి అతను మానేసిన వారానికే కాలు విరిగింది,
గోడకి ఆనించి ఉంచాం.
జాబితాలోంచి పేరు మాత్రం ఇంకా తియ్యలేదు.

మిగిలింది నేనూ, మేనేజరు పాత్రో గారూ.
ఆయనకి లెక్క వచ్చు:
ఖాతాలు పైన, మనుషులు కింద, మధ్యలో ఒక గీత.
కింది అంకె తగ్గేకొద్దీ
జవాబు పెద్దదవుతుంది.
భువనేశ్వర్‌లో ఆ జవాబుని ఉత్పాదకత అంటారు.
మా అమ్మయితే చాకిరీ అనేది.

ఐదున్నరకి బండి తీస్తాను.
ఏడింటికి మొదటి సెంటరు, ఎనిమిదింటికి రెండోది,
వంశధార దాటాక మూడోది, నాలుగోది.
త్రినాథ్ ఊళ్ళు కూడా ఇప్పుడు నావే.
అతను ఎవరి కోసం ఏ వారం ఎందుకు ఆగాడో
ఏ పుస్తకంలోనూ లేదు,
అదంతా అతని తలలో ఉండేది.
ఆ తల ఇప్పుడు బరంపురంలో
మొబైల్ షాపులో పనిచేస్తోంది.

కొండకింద సెంటరులో ఇరవై ఎనిమిది మంది.
ప్రమాణం ఒడియాలో చదువుతారు,
లెక్క తెలుగులో పెడతారు,
తగువు మాత్రం సవరలో.
అది నాకు రాదని వాళ్ళకి తెలుసు.

కొత్త అప్పు కావాలంటే వేలిముద్ర పడాలి.
జీడిపిక్కలు కొట్టిన చేతుల్ని
యంత్రం పోల్చుకోదు.
రసం తిన్న వేలికొసలు నున్నగా, గాజుముక్కల్లా.
గున్నమ్మ బొటనవేలు తడిపి, తుడిచి, చీరకి రుద్ది
నాలుగోసారి పెడుతుంది.
మనిషికి రెండు నిమిషాలని శిక్షణలో చెప్పారు.
ఎవరి వేలు చూసి చెప్పారో.

పుష్యమాసంలో ఒక మంగళవారం
మలేరియా ఒంటిమీద ఉండగానే
గంటన్నర ఆలస్యంగా చేరాను.
తిడతారనుకున్నాను.
చాపమీద డబ్బు సిద్ధంగా ఉంది:
ఐదువందలు వేరు, వందలు వేరు, చిల్లర వేరు,
ఒక్కో కట్టకీ కొండచీపుళ్ళు కట్టే నారతో ముడి.
సుభాసి గొమాంగో కూతురు, తొమ్మిదో తరగతి,
గళ్ళ కాగితం మీద ఎవరెవరిది ఎంతో రాసేసింది.
రానివాళ్ళ ఇళ్ళకి తెల్లారకముందే వెళ్ళొచ్చారట.
ఎవరికో ముప్ఫై తక్కువైతే
చింతపండు డబ్బులోంచి పక్కావిడ వేసింది.
"కూకో బాబూ, అంబలి తాగు.
లెక్క మేం సూసుకున్నాం."

తర్వాత వారమూ అంతే. ఆ తర్వాతా.
గంట పట్టే సెంటరులోంచి
పదకొండు నిమిషాల్లో లేస్తున్నాను.
పక్క ఊరు చూసి నేర్చుకుంది,
దాని పక్క ఊరూ.

మార్చిలో బహుమతి వచ్చింది,
సంస్థ గుర్తు ఉన్న గోడ గడియారం.
జోనులో మొదటి స్థానం.
ఒక మనిషికి ఆరువందల పన్నెండు.
అదే కవరులో ఇంకో కాగితం:
గుణుపురంలో ఖాళీలు నింపనక్కర్లేదు,
ఉన్నవాళ్ళు సరిపోతున్నారు.

పాత్రో గారు రెండు కాగితాలూ
ఒకే గుండుసూదితో గుచ్చారు.
ఏమీ అనలేదు.
ఆయనకి లెక్క వచ్చు.

గడియారం కొండకిందికి పట్టుకెళ్ళాను.
సుభాసి దాన్ని తిరగేసి
బ్యాటరీ ఉందో లేదో చూసి
"ఇది నీకిచ్చారా, మాకా?" అంది.
నవ్వేశాను.
"నెలకి నీకెంతిస్తారు?"
చెప్పాను, వెయ్యి తగ్గించి.
ఆమె వేళ్ళమీద ఏదో వేసుకుంది,
ఇరవై ఎనిమిది వరకూ వెళ్ళిందేమో,
సవరలో ఒక మాట అంది.
అందరూ నవ్వారు.
ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఆ గడియారం ఇప్పుడు వాళ్ళ పంచలో మేకుకి ఉంది.
పది నిమిషాలు వెనక నడుస్తుంది.
నేను లేవబోతే
"ఇంకా టైముందిలే" అంటారు,
కట్టలు నా సంచిలో
వాళ్ళే సర్దుతూ.