మెట్లు

అలిపిరి కాడ రాత్రి డ్యూటీ నాది.
మా పల్లెలో చెప్పుల్ని మెట్లంటారు.
మెట్లిడిచి మెట్లెక్కతా ఉండారు జనం.

నాలుగొందల పన్నెండు: మడమ అరిగిన హవాయి.
పదమూడు: కొత్త తోలు బూట్లు,
లోపల సాక్సులో చుట్టి కారు తాళాలు.
ఒకటే గూడు. కాసేపటికి ఒకటే వాసన.

నాయన తోలు కుట్టినోడు.
బుద్ధపున్నమి నాడు నేను శరణం చెప్పుకొనొస్తే
మేస్త్రీ నగినాడు:
"ఇంకీడ నీకేం పనిరా చెంగల్రాయా?"
ఏం చెప్పేది?
ఎక్కేటోళ్ళ మొగాల్లో వీసా, బిడ్డ, కోర్టు కేసు.
దిగినంక మొదట అడిగేది
"నా చెప్పులేవి?"

నిన్న కోడి కూసే యాళకు
ఒక అవ్వ, గుండు మింద గంధం ఇంకా తడి,
టోకెనిచ్చి చెప్పులు చేతికి తీసుకొని
చానాసేపు చూసింది.
"ఇవి నావేనా నాయనా?"
నంబరు సరిపోయిందవ్వా, అన్నా.
తొడుక్కోలేదు.
బల్ల మింద పెట్టేసి
వట్టికాళ్ళతో బస్టాండు దిక్కు పోయింది.

పిలుద్దామనుకున్నా.
గొంతు రాలేదు గానీ
తోలు కుట్టినోడి కొడుకును గదా,
మనసు అప్పుడే కొలత తీసేసింది:
మా ఇంట్లో ఆమెకు
సరిగ్గా సరిపోతాయని.