పక్క కుర్చీ

గ్రీన్‌రూమ్ అంటారు గానీ
విరిగిన కుర్చీలు పేర్చిన గది అది.
ఆరుతూ వెలుగుతూ ఒక ట్యూబ్‌లైటు.
ఒళ్లో రుమాలు పరుచుకుని
ఉప్మా పొట్లం విప్పుతున్నారు ఆయన.

నాది సెకండ్ వయొలిన్, మూడో కుర్చీ.
కరపత్రంలో మా వరసకి పేర్లుండవు
'మరియు బృందం' అని ఉంటుంది.
ఆ 'మరియు'లో ఎక్కడో నేను.

జ్ఞానాపురం చర్చిలో ఫాదర్ ఇచ్చిన వయొలిన్.
గడ్డం ఆనే చోట
నాకంటే ముందెవరిదో చెమట మరక.
పన్నెండేళ్లప్పుడు, మావయ్య రిపేరు కొట్లో,
ఎవరో తీసుకెళ్లడం మర్చిపోయిన టేపురికార్డర్‌లో
దొరికింది ఆ బిట్టు.
రెండో చరణానికి ముందు, పదకొండు సెకన్లు.
చినుకు పడబోయి
చూరు అంచున ఆగినట్టు ఒక గమకం.
ఎలా ఆపేరో తెలీక
కిందింటి వాళ్ల చేత ఎన్ని తిట్లు తిన్నానో.
వాయించినదెవరో కనుక్కుని
నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను
అమ్మ యేసు నామం రాయమన్న చోట.

"ఏటమ్మా?" అన్నారు.
వారం రోజులు కంఠతా పట్టిన మాటలన్నీ
ఉప్పుగాలికి తీగెల్లా దిగిపోయాయి.
ఆ బిట్టు, ఆ బిట్టు అన్నాను.
చెప్పడం చేతకాక
ముక్కుతో పాడి చూపించాను, శ్రుతి తప్పి.

ఆయన వేళ్లు ఉప్మాలో ఆగాయి.
ఒక పచ్చిమిరపకాయని మెల్లగా
పొట్లం అంచు దాకా తోశారు.

"అది నేను కాదమ్మా.
ఆ రోజు నాకు చలిజొరం.
పక్క కుర్చీ కుర్రోడు వాయించీసేడు.
టేకు ఓకే అయిపోనాది.
పేరు నాదే ఉండిపోనాది.
నలభయ్యేళ్లుగా దానికే దండలు.
ఎవరికీ చెప్పలేదు.
నువ్వలాగ శ్రుతి తప్పి పాడేవు కదా...
ఆడూ అలాగే పాడీవోడు."

ఆయన పేరండీ?

కళ్లు మూసుకున్నారు.
"ఇచ్ఛాపురం వోడు. ఎడమ చెవికి పోగు.
టీలో ఉప్పు బిస్కత్తు ముంచుకునీవోడు.
పేరు..."
స్టేజి మీద ఎవరో మైకు ఊదుతున్నారు
హలో, హలో, చెక్.
"పేరు రావట్లేదమ్మా."

కోపం రాలేదు.
అబద్ధమెందుకు, కొంచెం వచ్చింది.
ఎనిమిదేళ్లు నేను ఎవరికి దణ్ణం పెట్టినట్టు?

చెయ్యి కడుక్కొచ్చి
"సంతకం పెట్టమంటావా?" అన్నారు,
చిన్నపిల్లాడు అడిగినట్టు.
పెట్టండి అన్నాను.
కింద కొంచెం చోటు వదలండి.

ఆ రాత్రి స్టేజి మీద ఆయన ఆ బిట్టు వాయించలేదు.
జనం అడిగారు. నవ్వి, దగ్గొస్తోందన్నారు.
మూడో కుర్చీలో
నా ఎడమచేతి వేళ్లు మాత్రం
చప్పుడు లేకుండా
పదకొండు సెకన్లు నడిచి
చూరు అంచున ఆగాయి.

సిరిపురంలో షేర్ ఆటో ఎక్కాను.
మోకాళ్ల మధ్య పెట్టె, పక్కన ఖాళీ చేపల బుట్ట.
కాన్వెంట్ జంక్షన్ గతుకుల్లో
లోపల తీగె ఒకటి
తనంతట తనే మోగింది.

"ఫోనేమో, సూసుకో"
అంది బుట్ట ఆవిడ.