మూడించులు ముంగటికి

వాదీ కబీర్ల మా షెడ్డుకు
పొద్దుగాల ఆరింటికే ఎండ తాళం తీస్తది.
నేను ఎనుక వస్త.

హిలాల్ బండి స్టాండు మీద ఉన్నది.
మూడున్నర క్వింటాళ్లు,
మక్కల బస్తాలైతే ఏడు.
కంపెనోళ్లు అందరికని చేసిన బండి,
అంటే ఎవ్వలికని చేసింది కాదు.

పైపులైన్ల సర్వే చేసి రిటైరైన మనిషి.
కుడి మోకాలు ముప్పావు వంతే మడుగుతది,
తక్కిన పావు ఎన్నడో మర్ముల్ ఇసుకల
జీపు కింద ఇడిసిపెట్టి వచ్చిండు.
"సలాలా పోవాలె బూమిష్, ఖరీఫ్ చూడాలె."

ఖరీఫ్.
ఆ మాటకు నాకు
యూరియా లైన్ల పెట్టిన చెప్పులు యాదికొస్తయి,
మా అవ్వయి ఒకటి తెగింది, ఒకటి మంచిది.
అదే మాటకు ఈయనకు
గుట్టల మీద మొలిచే గడ్డి,
ఒంటె కనురెప్ప మీద తుప్పర.
నేనేం అనలే. పానా పట్టిన.

దర్జీ లెక్క కొలతలు తీసిన.
బండి మీద కూసోబెట్టి
మోచేతి కాడ ఒక గీత, నడుం కాడ ఒక గీత,
సుద్దముక్కతోని ట్యాంకు మీద మోకాలి గీత.
నవ్విండు హిలాల్:
నా పెండ్లి దిష్దాషాకు సుత
ఇన్ని కొలతలు తియ్యలేదని.

హ్యాండిల్ కింద దిమ్మెలు పెట్టి ఇంచున్నర లేపిన.
లేపితే బ్రేకు పైపు అందలే.
ఒకటి జరిపితే ఒకటి అందదు,
బండి సుత సంసారమే.
పొడుగు పైపు దుబాయి నుంచి వచ్చేసరికి పదకొండు రోజులు.

పెద్ద అద్దం తైవాన్‌ది. బొక్కలు కలువలే.
డ్రిల్లు ఆనించి ఊపిరి బిగబట్టిన,
పగిలితే నా రెండు నెల్ల జీతం
అందరికీ కనబడేటట్టు పగులుతది.
సీటు స్పాంజి నేను చెక్కిన,
తోలు మోయినుద్దీన్ కుట్టిండు.
చిట్టగాంగోడు, సూది నోట్లె పెట్టుకోని
బిడ్డ ముచ్చట చెప్తడు,
ఎన్నడూ గుచ్చుకోలే.

అసలు పని ఫుట్‌రెస్టులు.
మూడించులు ముంగటికి.
రాడ్డుకు అతుకేస్తే అయిపోతుండె,
కాని బ్రేకు అంటే పానం, అతుకు మీద ఉండొద్దు.
లేతు మీద కొత్తది తీసిన,
ఒక రాత్రి పోయింది.

బేస్తారం వచ్చి కూసున్నడు.
మోకాలు పోయి దాని జాగల అది పడ్డది.
ఇంజన్ స్టార్టు చెయ్యలే.
ఏం మాట్లాడలే.
నొప్పి ఏడికి పోయిందని
లోపల లోపల్నే దేవులాడుతున్నట్టు
చానా సేపు ఊకనే కూసున్నడు.

ఆ రాత్రి క్యాంపుల పైమంచం ఎక్కిన.
మంచం ఆరడుగులకు రెండించులు తక్కువ.
నేను ఆరడుగుల ఒక్క ఇంచు.
తొమ్మిదేండ్ల సంది
మడిమలకు ఇనుపపట్టి తాకుతనే ఉన్నది,
రెండు నల్లటి కాయలు కాసినయి.
మందిని కొలిచే చెయ్యికి
నా కాళ్లు ఎన్నడూ యాదికి రాలే.
లెక్క పెట్టిన.
మూడించులు.

శుక్రవారం షెడ్డు బంద్.
మూలకు హిలాల్ బండి పాత గార్డు పైపు,
క్రోమింగు ఇంకా మెరుస్తున్నది.
గ్రైండరు భుజాన ఏసుకోని క్యాంపుకు తెచ్చిన.
నిప్పురవ్వలకు పోశెట్టి లుంగీ కాలింది,
తిట్టిండు, తిడుతనే వైరు పట్టుకున్నడు.

రాత్రి కాళ్లు చాపిన.
చివరికి ఏం తాకలే.
నిద్ర రాలే.
మోకాళ్లు అలవాటుకు వాటంతటవే ముడుచుకుంటయి,
మల్ల చాపుత,
మల్ల ముడుచుకుంటయి.
ఈ పాటికి హిలాల్ హైమా దాటి ఉంటడు.

కింది మంచం నుంచి పోశెట్టి, చీకట్ల:
"నాది సుత జర కొలువరాదురా."
వాడు ఐదడుగులోడు.
మంచం వానికి ఇంకా మిగుల్తది.
ఏం తక్కువైందని అడగలే.
టేపు కోసం దిండు కింద చెయ్యి పెట్టిన.